కుందేళ్లకి ఆకులు ఎండబెట్టడానికి ట్రేల డీహైడ్రేటర్: వాడి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ మెషిన్ డబ్బా మీదున్న యాపిల్ ముక్కలు, అరటిపండు చిప్స్ బొమ్మలు చూసి కొనకండి. ఇంట్లో కుందేళ్లున్నవాళ్లకి దీంతో అసలు పని పండ్ల దగ్గర కాదు, ఆకుల దగ్గర. డయల్‌ని బాగా కిందికి తిప్పితే వచ్చే 35-40 డిగ్రీల గోరువెచ్చని గాలి ఉంటుంది చూడండి, దానికోసమే దీన్ని కొనాలి, ఆ గాలి సరిగ్గా వస్తే మంచి మెషిన్, రాకపోతే ఎన్ని ట్రేలున్నా మనకి వేస్ట్. నా దగ్గరున్నది కింద ఫ్యాన్, దానిమీద ఒకదానిపై ఒకటి పేర్చుకునే 5 గుండ్రటి ప్లాస్టిక్ ట్రేలు, 35 నుంచి 70 దాకా తిరిగే డయల్ ఉన్న మోడల్, టైమర్ లేదు. బ్రాండ్ పేరు రాయట్లేదు, అచ్చం ఇలాంటి బాడీయే రకరకాల పేర్లతో దొరుకుతోంది, పేరు కంటే లోపల ఏముందో చూస్కోవడమే మీకు ఉపయోగం. నేనైతే 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి ఎందుకు కట్ చేశానో కింద చెప్తా.

అసలు కుందేలుకి ఇంట్లో చేసిన ట్రీట్ ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. పెద్ద కుందేలు తినేదాంట్లో 80 శాతం పైనే ఎండుగడ్డి ఉండాలి, టిమోతీ హే కానీ ఇంకేదైనా గడ్డి హే కానీ, అది రోజంతా ముందు ఉండాల్సిందే, ఎందుకంటే దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లే కాదు లోపల దవడ పళ్లు కూడా, గడ్డిని అటూ ఇటూ నూరితేనే అవి అరుగుతాయి. పేగు కూడా అంతే, పీచు పడుతుంటేనే కదులుతుంది. షాపుల్లో ట్రీట్ అని అమ్మే యోగర్ట్ డ్రాప్స్, తేనెతో గింజలు అతికించిన స్టిక్స్, మొక్కజొన్న ఉన్న మిక్స్‌లు ఇవన్నీ సరిగ్గా దీనికి వ్యతిరేకం, చక్కెర, పిండి పదార్థం, కొవ్వు తప్ప పీచు పెద్దగా ఉండదు, లోపల గడ్డిని పులియబెట్టే మంచి బ్యాక్టీరియా లెక్క తప్పుతుంది. ఇంట్లో ఎండబెట్టిన ఆకైతే అది కూడా ఒక రకం హే నే, కాకపోతే ఘాటు వాసన, వేరే రుచి. నాకు ఇందులో నచ్చేదే అది, కుందేలు ట్రీట్ అనుకుని తింటుంది, దాని పేగుకేమో మామూలు పీచు.

ఇక మెషిన్ సంగతి. డయల్ మీద 40 అని పెట్టగానే లోపల 40 ఉంటుందని నమ్మకండి. వంటకి వాడే ప్రోబ్ థర్మామీటర్ పెట్టి చూస్తే అన్నిటికంటే కింది ట్రేలో 47 చూపించింది, పైన ట్రేలో 36. కింద నుంచి ఫ్యాన్ ఉండే ప్రతి మోడల్‌లోనూ కొంతైనా ఈ తేడా ఉంటుంది, వేడి గాలి ముందు కింది ట్రేకి తగిలి, అక్కడి తడిని మోసుకుని పైకెళ్లేసరికి చల్లబడుతుంది కదా. పండ్లకైతే దీనివల్ల పెద్దగా నష్టం లేదు కానీ పుదీనా లాంటి ఆకుకి చాలా నష్టం, దాని వాసనంతా త్వరగా ఆవిరైపోయే నూనెల్లోనే ఉంటుంది, వేడి ఎక్కువైతే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, ఆకులో మాత్రం ఏం మిగలదు. ఇల్లు వాసనొస్తోందంటే కుందేలుకి దక్కాల్సింది గాల్లోకి పోతోందని అర్థం. అందుకని నేను డయల్‌ని 35 దగ్గరే ఉంచి, రెండు గంటలకోసారి కింది ట్రే పైకి, పై ట్రే కిందికి మారుస్తా. వెనక నుంచి అడ్డంగా గాలి కొట్టే పెట్టె లాంటి మోడల్స్ కూడా ఉన్నాయి, వాటిలో అన్ని ట్రేలకీ దాదాపు ఒకేలా వేడి తగుల్తుంది, ఈ మార్చే పని తగ్గుతుంది, బడ్జెట్ ఉంటే అదే తీస్కోండి.

నేను కట్ చేసిన ఆ ఒక్క పాయింట్ ట్రేల గురించి. అడుగున సందులు చాలా పెద్దవి, పండ్ల ముక్కల్ని మనసులో పెట్టుకుని చేసినట్టున్నారు. పచ్చిగా ఉన్నప్పుడు కొత్తిమీర రెమ్మ బాగానే నిలబడుతుంది, మూడు గంటలయ్యేసరికి ముడుచుకుని సన్నబడి సందుల్లోంచి జారిపోతుంది, కింది ట్రేలో పడితే పర్లేదు, అక్కడ్నుంచి మధ్యలో ఉన్న రంధ్రంలోంచి ఫ్యాన్ మీదకి వెళ్తుంది, అక్కడ హీటర్ కాయిల్ ఉంటుంది, ఎండాకు కాయిల్ మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. సన్నని జాలీ షీట్లు డబ్బాలోనే ఇచ్చుండాలి, ఇవ్వలేదు. కంపెనీకి రాస్తే విడిగా కొనుక్కోమన్నారు. ఆకులకోసం తీసుకునేవాళ్లు మెషిన్‌తో పాటే ట్రే సైజుకి సరిపడే సిలికాన్ జాలీలు కూడా ఆర్డర్ పెట్టేయండి, అవి లేకుండా వాడొద్దు. గులాబీ రేకుల్లాంటి తేలికవాటికైతే పైన కూడా ఇంకో జాలీ కప్పాలి, లేకపోతే ఎండుతున్నకొద్దీ గాలికి లేచి ఒక మూలకి చేరిపోతాయి.

ఎంతసేపు పడుతుంది అంటే ఆకుని బట్టి, ఆరోజు గాల్లో తేమని బట్టి. పొడిగా ఉన్న రోజు పుదీనా, కొత్తిమీర, క్యారెట్ ఆకులు 4 నుంచి 6 గంటల్లో అయిపోతాయి, వాన రోజైతే ఇంకో మూడు నాలుగు గంటలు కలుపుకోండి. గడియారం చూసి కాదు, చేత్తో పట్టుకుని చూడాలి. ఆకు నలిపితే గలగలమని పొడవ్వాలి, అది సగం పరీక్షే. అసలు పరీక్ష కాడ దగ్గర. కాడని రెండు వేళ్లతో వంచితే టక్కున విరగాలి, వంగి మళ్లీ లేచిందంటే లోపల ఇంకా నీరుంది. కొత్తిమీరలో ఇది స్పష్టంగా తెలుస్తుంది, ఆకు ఎప్పుడో కరకరలాడిపోతుంది, కాడ మాత్రం రబ్బరులా సాగుతూనే ఉంటుంది, అందుకే నేను లావు కాడల్ని ముందే కోసి పచ్చిగానే పెట్టేస్తా, సన్నవి మాత్రమే ట్రేలోకి. ఇంకొకటి, కడిగాక నీళ్లు పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి, సలాడ్ స్పిన్నర్‌లో తిప్పినా సరే, బట్టమీద పరిచినా సరే. తడి ఆకులు ఒకదానికొకటి అతుక్కుంటే ఆ అతుక్కున్నచోట నల్లగా అయిపోతాయి.

ఎండిన వెంటనే మూత బిగించి లోపల పెట్టేయకూడదు. గాజు సీసాలో మూడొంతులు నింపి వారం పది రోజులు రోజూ ఒకసారి ఊపుతూ చూస్కోవాలి, సీసా గోడకి కొంచెం ఆవిరి పట్టినట్టున్నా, ఆకులు మెత్తబడినా మళ్లీ ట్రేలోకి. ఈ స్టెప్ చాలామంది వదిలేస్తారు, బూజు వచ్చేది ఇక్కడే. బూజుని తేలిగ్గా తీసుకోవద్దు, కుందేలుకి వాంతి చేసుకునే శక్తి లేదు, లోపలికెళ్లింది పేగంతా దాటి పోవాల్సిందే. బూజుపట్టిన గడ్డి ఎంత ప్రమాదమో తెలియాలంటే స్వీట్ క్లోవర్ అనే పశువుల మేత మొక్క సంగతి చాలు, 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు పాడైన స్వీట్ క్లోవర్ హే తిని రక్తం గడ్డకట్టక చనిపోయేవి, బూజు వల్ల అందులో డైక్యుమరాల్ అనే పదార్థం తయారవుతుందని తర్వాత విస్కాన్సిన్ యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ ల్యాబ్ బయటపెట్టింది, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు పుట్టింది ఆ పరిశోధన నుంచే. మంచి గడ్డే, సరిగ్గా ఎండకపోవడం వల్ల విషమైంది. కాబట్టి వాసనలో ఏ మాత్రం మగ్గిన కంపు ఉన్నా, తెల్లని దూది లాంటిది కనబడినా, ఆ పిడికెడు తీసేసి మిగతాది ఉంచుకోవడం కాదు, సీసా మొత్తం పారేయండి.

ఏ ఆకులు పనికొస్తాయి అంటే కొత్తిమీర, పుదీనా, తులసి జాతిలో బేసిల్, క్యారెట్ ఆకు, డాండెలియన్ ఆకూ పువ్వూ, బ్లాక్‌బెర్రీ రాస్ప్‌బెర్రీ ఆకులు, మల్బరీ ఆకు, గోధుమ గడ్డి, మందు కొట్టని గులాబీ రేకులు, మందార పువ్వు. పూలకొట్టులో గులాబీలు మాత్రం వద్దు, వాటిమీద మందులు ఎక్కువ. రోడ్డు పక్కవి, కుక్కలు తిరిగే చోటివి, కలుపు మందు కొట్టిన చోటివి కూడా వద్దు. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోస్తే ఆకు పొడిగానూ ఉంటుంది, వాసనా బాగుంటుంది. గన్నేరు, లిల్లీ, ఫాక్స్‌గ్లవ్, అవకాడో ఆకులు, టమాటా బంగాళదుంప ఆకులు, ఉల్లి వెల్లుల్లి ఇవి దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఎండితే విషం పోతుందిలే అని కొంతమంది అంటుంటారు, అది చాలా ప్రమాదకరమైన మాట. రాగ్‌వర్ట్ అనే కలుపు మొక్క ఉంది, పచ్చిగా ఉన్నప్పుడు చేదుకి జంతువులు వదిలేస్తాయి, ఎండాక చేదు తగ్గి తినేస్తాయి, లివర్‌ని పాడుచేసే విషం మాత్రం అలాగే ఉంటుంది. ఏ మొక్కో వంద శాతం తెలియకపోతే ట్రేలో పెట్టకండి, ఎండి ముడుచుకున్నాక గుర్తుపట్టడం ఇంకా కష్టం.

అడవి కుందేళ్లు తిరిగే చోట కోసేవాళ్లకి ఇంకో మాట. ఆర్‌హెచ్‌డీవీ2 అనే, కుందేళ్ల ప్రాణం తీసే వైరస్ 2010లో ఫ్రాన్స్‌లో మొదట కనబడి తర్వాత చాలా దేశాలకి పాకింది, అది గడ్డి మీద, బట్టల మీద నెలల తరబడి బతకగలదు, మన డీహైడ్రేటర్ 40 డిగ్రీలకి దానికేమీ కాదు. ఎండబెట్టాం కాబట్టి సేఫ్ అనుకోవద్దు. టీకా దొరికే చోట వేయించండి, లేదంటే కుండీల్లో ఇంట్లో పెంచిన ఆకులకే పరిమితమవ్వండి, కొత్తిమీర గోధుమగడ్డి పెంచడం పెద్ద పనేం కాదు.

పండ్ల గురించి ఎందుకంత గట్టిగా చెప్పానంటే లెక్క చూడండి. పచ్చి యాపిల్ 100 గ్రాముల్లో చక్కెర సుమారు 10 గ్రాములు, నీళ్లు పోయి ఎండిన యాపిల్ 100 గ్రాముల్లో 50 గ్రాములు దాటుతుంది. ఎండిన ముక్క సన్నగా, తేలిగ్గా, అమాయకంగా కనబడుతుంది కాబట్టి రెండు మూడు పెట్టేస్తాం, రెండు కిలోల ప్రాణికి అది చాలా ఎక్కువ. మా ఇంట్లో ఎండిన పండు అంటే గోరంత ముక్క, వారానికి రెండుసార్లు, అది కూడా మందు తాగించాల్సి వచ్చినప్పుడో గోళ్లు తీసినప్పుడో లంచంగా. మెషిన్ మాత్రం పండ్ల పని బాగా చేస్తుంది, అన్యాయంగా మాట్లాడకూడదు, 57 డిగ్రీల దగ్గర సన్నగా కోసిన యాపిల్ 8 గంటల్లో చక్కగా ఎండింది, గింజలు తీసేసి పెట్టండి. కానీ కుందేలు కోసమే కొంటున్నాం అంటే ఇది బోనస్, అంతే.

ఆకుల్లోనూ పరిమాణం చూస్కోవాలి. కొత్తిమీరలో 90 శాతం పైనే నీళ్లు, 100 గ్రాములు పెడితే చేతికొచ్చేది 10 గ్రాములు కూడా ఉండదు, అంటే ఎండిన చిన్న గుప్పెడు పచ్చి పెద్ద కట్టతో సమానం. దీనివల్ల ముఖ్యంగా కాల్షియం దగ్గర తేడా వస్తుంది. కుందేలు ఒంట్లోకి కాల్షియం మిగతా జంతువుల్లా అవసరమైనంతే తీసుకోదు, తిన్నదాంట్లో చాలావరకు పీల్చుకుని ఎక్కువైంది మూత్రంలో పంపేస్తుంది, అందుకే వాటి మూత్రం ఒక్కోసారి తెల్లగా సున్నం నీళ్లలా ఉంటుంది. పార్స్లీ, డాండెలియన్, మల్బరీ, ఆల్ఫాల్ఫా ఇవన్నీ కాల్షియం ఎక్కువున్నవి, బ్లాడర్‌లో ఇసుకలా పేరుకునే సమస్య ఉన్న కుందేలుకైతే వెట్‌ని, అంటే పశువుల డాక్టర్‌ని అడక్కుండా ఎండబెట్టి పెట్టకండి. ఎండాకులు నీళ్లివ్వవు కూడా, పచ్చి ఆకు మానేసి ఇవే పెడదాం అనుకోవద్దు, పక్కన నీళ్ల గిన్నె నిండుగా ఉండాలి. నేను రోజుకి ఒక్కో కుందేలుకి నలపని ఆకులు ఒక టేబుల్ స్పూన్ మించి పెట్టను. కొత్త ఆకు ఒకసారికి ఒకటే, రెండు మూడు రోజులు పెంటికలు చూస్కోవాలి, మెత్తబడ్డా, చిన్నవైపోయినా ఆపేయాలి. ఏదైనా సరే 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది ఎమర్జెన్సీ, వెట్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

ఆకుల్ని పొడిచేయకుండా వీలైనంత విడిగా, పెద్దగా ఉంచండి, గిన్నెలో వేసి ముందు పెట్టకండి కూడా. హే లో అక్కడక్కడ దూర్చేయండి. కుందేలుకి కళ్లు పక్కలకి ఉంటాయి, సరిగ్గా ముక్కు కింద ఏముందో అది చూడలేదు, వాసనతో, మీసాలతో, పెదాలతో వెతుక్కుంటుంది. ఎండు పుదీనా దూర్చిన రోజు మా ఆడ కుందేలు హే కుప్పలో మొహం పెట్టి ముక్కు గబగబా ఆడిస్తూ గడ్డిపోచల్ని పళ్లతో పట్టి పక్కకి విసిరేస్తుంది, ఆకు దొరగ్గానే తొడిమ వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి లాక్కుంటూ నములుతుంది, దాని తర్వాత చేసేదే నాకు కావాల్సింది, ఇంకో ఆకు కోసం వెతుకుతూ మధ్యలో దొరికిన గడ్డి కూడా తినేస్తుంది. హే సరిగ్గా తినని కుందేలున్నవాళ్లు ముందు ఇది ట్రై చేయండి. అయితే ఉన్నట్టుండి హే మానేసిందంటే మాత్రం ఆకులతో లాక్కురావద్దు, వెట్‌కి దాని పళ్లు చూపించాలి.

బిస్కెట్ల గురించి కూడా అడుగుతుంటారు, ఓట్స్, అరటిపండు, తేనె కలిపి ఓవెన్‌లో కాల్చేవి. నా ఉద్దేశంలో అవి మన ముచ్చట కోసమే, కుందేలుకి అక్కర్లేదు. తప్పకుండా గట్టిగా కొరికేది ఏదైనా కావాలంటే రోజూ పెట్టే పెల్లెట్లనే (కుందేళ్ల మేత గుళికలు) కొంచెం నీళ్లలో నానబెట్టి ముద్దచేసి, దాంట్లో ఎండు ఆకులు కలిపి బొటనవేలి గోరంత బిళ్లలుగా నొక్కి ఇదే మెషిన్‌లో 57 దగ్గర రాయిలా అయ్యేదాకా ఎండబెట్టండి, పిండి లేదు, తేనె లేదు, ఆ రోజు పెల్లెట్ల కొలతలోంచి ఆ బిళ్ల తగ్గించేయాలి అంతే. పళ్లు అరగడానికైతే యాపిల్ కొమ్మలు, విల్లో కొమ్మలు ఉన్నాయి, వాటికి మెషిన్ అక్కర్లేదు, నీడలో ఆరితే చాలు. చెర్రీ, ప్లమ్, పీచ్, ఆప్రికాట్ కొమ్మలు వద్దు, వాటి ఆకులూ బెరడూ వాడిపోయినప్పుడు సైనైడ్ విడుదలవుతుంది.

మెషిన్ లేకుండా కుదరదా అంటే కుదురుతుంది. పొడి వాతావరణంలో చిన్న కట్టలు కట్టి గాలాడే నీడలో తలకిందులుగా వేలాడదీస్తే వారం పది రోజుల్లో ఎండిపోతాయి, పైసా ఖర్చు లేదు, అలా కుదిరేవాళ్లు ఈ మెషిన్ కొనక్కర్లేదని నిజాయితీగా చెప్తున్నా. నేరుగా ఎండలో మాత్రం పెట్టకండి, ఆకుపచ్చ రంగు వెలిసిపోయి విటమిన్ ఎ గా మారే కెరోటిన్ పోతుంది. ఓవెన్లు చాలావాటికి అతి తక్కువ సెట్టింగే 50 పైన, ఆకుకి ఎక్కువ. మైక్రోవేవ్‌లో ఒక చోట మాడి ఒక చోట పచ్చిగా ఉంటుంది. తేమ ఎక్కువుండే రోజుల్లో కట్టలు లోపల్నుంచి మగ్గిపోతాయి, అలాంటి చోట ఉండేవాళ్లకే ఈ డీహైడ్రేటర్ నిజంగా అవసరం.

సౌండ్ విషయానికొస్తే టేబుల్ ఫ్యాన్ తక్కువ స్పీడ్‌లో తిరిగినంత, మనకి పర్లేదు, కుందేళ్లకి ఆ ఎడతెగని గుర్రుమనే శబ్దం నచ్చదు, వాటి గదిలో పెట్టకండి, వైరు కొరికే సంగతి ఎలాగూ ఉంది. కరెంటు నేననుకున్నంత కాలేదు, దీని హీటర్ 250 వాట్లు, 8 గంటలు ఆపకుండా మండినా 2 యూనిట్లు, 35 దగ్గరైతే హీటర్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే. టైమర్ లేకపోవడం మాత్రం ఇబ్బంది, రాత్రి వేసి పడుకోవడం నాకు ఇష్టం లేదు, విడిగా ప్లగ్ టైమర్ పెట్టుకున్నా. ట్రేలు సబ్బు నీళ్లలో కడగొచ్చు, పండ్లు చేసిన ట్రేల్లో అంటుకున్న చక్కెర జిగురుని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో తీసేయండి, లేకపోతే తర్వాత వేసే ఆకులు దానికి అతుక్కుని చిరిగిపోతాయి. కింద ఫ్యాన్ ఉన్న భాగాన్ని నీళ్లలో ముంచకుండా ప్లగ్ తీసి, చల్లారాక పొడి బ్రష్‌తో ఆకు నలుసులు దులిపేయాలి, ప్రతిసారీ.